ముంగోగారి చేప

2004 జనవరి. గల్ఫ్ దేశంలోని జుఫైర్‌లో ఒక ఫ్లాటు వంటగది. వంటమనిషి నరసాయమ్మ హమూర్ చేపకు పొలుసు గీకుతోంది. ఇల్లు తుడిచే సత్యదుర్గ పక్కన కదలకుండా నిలబడి ఉంది.

"మేడం కొవ్వొత్తి వెలిగిస్తే పోయిన ఉంగరం నడిచొస్తదా?"

"అలా తీసిపారేయకు పిన్నీ. మేడం రోజూ దండం పెట్టుకునే బిషప్పుగారు. ఈవేళ ఆయన పండగ."

"పేరేంటన్నావ్?"

"ముంగో."

"ముంగిసా?"

"ముంగో. మేడం వాళ్ళ ఊళ్ళో ఎప్పుడో పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి పెద్దాయన. హాల్లో పటం చూళ్ళేదా? పక్కన చేప, చేప నోట్లో ఉంగరం."

"చూశాను. దుమ్ము దులిపేది నువ్వు, దండాలు ఆయనకి. ఆ చేప గొడవేంటి?"

"రాణిగారు తన ఉంగరం ఎవడో సిపాయికి ఇచ్చేసిందంట. వాడు నిద్రపోతుంటే రాజు ఊడబెరికి ఏట్లోకి విసిరేశాడు. ఇంటికొచ్చి, ఉంగరమేది, తేకపోతే తల తీయిస్తానన్నాడు."

"విసిరిందీ ఆయనే, అడిగిందీ ఆయనే."

"ఆవిడ బిషప్పుగారికి కబురంపింది. ఆయన గాలం వేయించి, మొదట పడిన చేప తెమ్మన్నాడు. దాని పొట్టలో ఉంది."

"రాజుని ఏమన్నా అన్నాడా?"

"ఎవరు?"

"మీ ముంగిసగారు."

"మేడం అదేం చెప్పలేదు."

"చెప్పదు. ఆ చేప కోసిందెవరు?"

"ఏమో."

"చూశావా. యానాం నించి ఇక్కడిదాకా ముప్ఫై ఏళ్ళుగా కోస్తన్నాను. పొట్టలో రొయ్యలు దొరికాయి, గాలపు ముక్క దొరికింది, ఓసారి సిగరెట్టు పీక దొరికింది. బంగారం మాత్రం రాణీగార్లకే దొరుకుతాదంట, అదీ మొదటి చేపలోనే."

"మేడం నాలుగింటికి పోలీసుల్ని పిలుస్తానంది పిన్నీ."

"తెలుసు."

"నా పాస్‌పోర్టు సార్ దగ్గరుంది. నేను తీయలేదు, నా పిల్ల మీద ఒట్టు."

"నువ్వు తీశావని నేనన్నానా? శుక్రవారం ఆవిడ పడవ షికారెళ్ళి, నీళ్ళలో చేతులాడించుకుంటా కూచుందంటగా. ఆ సముద్రాన్నే అడగమను."

"సముద్రంలో పడలేదు."

"నీకెలా తెలుసు?"

"పడలేదంతే."

"సత్యదుర్గా, ఇటు చూడు. నీకెలా తెలుసు?"

"పొద్దున దుమ్ము లాగే మిషను సంచి దులిపితే... అందులో ఉంది. వాళ్ళ మంచం కింద లాగేసినట్టుంది."

"ఇప్పుడేది?"

"కొప్పులో."

"నీ బుర్రలో ఏముందే? దొరగ్గానే కేకెయ్యొద్దా?"

"నాలుగు రోజుల్నించి దొంగ, దొంగ అంటంది. ఇప్పుడు చేతిలో పెడితే ఏమంటది?"

"పోలీసులనగానే భయపడి తీసిచ్చిందంటది."

"అందుకే... పోనీ, జరిగింది జరిగినట్టు చెప్పేదా?"

"నీ మాట ఆవిడెందుకు నమ్ముతాది."

"మరేం చెయ్యను?"

"మేడం ఏం చేస్తంది?"

"పటం ముందు కూచుంది. భోజనానికొచ్చినోళ్ళందరికీ ఆ చేప కథే చెబుతంది."

"బజార్లో పొట్ట తీయించావా అని పొద్దున నన్నడిగింది. నేను వండే చేపకి ఇంకోళ్ళ కత్తి తగలనివ్వనన్నాను. మంచిదైంది."

"ఎందుకు?"

"తలుపు వేసి రా. ముందు ఉంగరం కడుగు, కొబ్బరి నూనె వాసనొస్తే బావుండదు. చేప నోరు నేను తెరిచి పట్టుకుంటాను, నువ్వు లోపలికి తొయ్యి. ఆనక మేడాన్నీ, వచ్చినోళ్ళనీ పిలుచుకురా. వాళ్ళెదురుగానే పొట్ట కోస్తాను. వస్తా వస్తా ఆ పటం కూడా తెచ్చుకోమను."