ఆదాయం గడిలో గొప్ప

కెంటకీలో ఒక చర్చి ముందు, పాత ట్రక్కులో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. జనవరి నుంచి ఆరోగ్య బీమా కావాలంటే ఆ రోజే ఆఖరు. లోపల ఆర్లీన్ అనే ఆవిడ అందరికీ దరఖాస్తులు నింపి పెడుతోంది.

“బీమాకి నెలకు రెండు వేల డాలర్లా! గనిలో నీతోపాటే పని పోయిన వర్జిల్‌కి నూట ముప్పయ్యేగా పడింది?”

“వాడికి ప్రభుత్వ సాయం వచ్చింది. ఆదాయం తక్కువైతేనే ఇస్తారు.”

“మనకెందుకు రాలేదు? నువ్వెంత రాయించావు?”

“తొంభై వేలు.”

“తొంభయ్యా! గని మూసేశాక ఏడాదికి ముప్పై అయిదు దాటి కళ్లజూశామా?”

“అరవకు. అద్దం దించి ఉంది.”

“విననీ! ఫిబ్రవరిలో నా గుండెకు ఆపరేషన్. నీ గొప్పలు చూసి డాక్టరు కత్తి పడతాడా?”

“లోపల నా వెనక వరుసలో నిలబడ్డదంతా మన చర్చివాళ్లే. ఆదివారం వాళ్ల ముందు కానుకల పళ్లెం పట్టేది నేను. నోరు రాలేదే.”

“మోకాళ్ల మీద పడి ‘ప్రభువా, నా దగ్గర ఏమీ లేదు’ అంటావు కదా, రోజూ. ఆయనకు చెప్పగలిగింది ఆర్లీన్‌కి చెప్పలేవా?”

అతను ట్రక్కు తలుపు తెరిచాడు.

“సరే, దిద్దించి వస్తాను. నువ్విక్కడే కూర్చో.”

“కూర్చోను. ఈసారి అంకె నేను చెబుతా.”

“మెల్లగా చెప్పు.”

“గట్టిగానే చెబుతా. ఆ వరుసలో నీలాగే అబద్ధం రాయించబోయేవాడు ఇంకెవడున్నాడో!”