జాయింటులో ఇరికిన చెయ్యి

"ఇగో రాకేశ్, బండి ఆపి జర కూసో. అగో, ఎదురుంగ కడుతున్న టవర్ ఉన్నది సూడు, దాని అయిదో అంతస్తు నా రెక్కల మీద నిలబడ్డది. పిల్లరూ స్లాబూ కలిసే జాయింటుల సలాకలు ఎంత ఇరుకుంటయంటే, ఏలు గూడ సొరదు. అందుకే ఆడ సలాకల చుట్టు కట్టే ఇనుప రింగులు అందరు ఎగ్గొడ్తరు. నేను ఒక్కటి ఇడువలే. కాంక్రీటును చుట్టూరంగ గట్టిగ పట్టుకునేది గా రింగులే. అవి లేకుంటే పిల్లరు లోపల్నుంచే చిట్లిపోతది, ఎరికేనా?"

ఖాజాగూడలో బుచ్చమ్మ చాయ్ బండి దగ్గర ఎల్లేశం మొదలుపెట్టాడంటే ఇక ఆగడు. బైక్ ట్యాక్సీ నడిపే రాకేశ్ నవ్వాడు. "ఏలు సొరని కాడ చెయ్యెట్ల పట్టింది మామా?"

"పట్టింది గానీ మల్ల రాలే! ఇంతల పైనుంచి కాంక్రీటు వోసిన్రు. అది గట్టిపడేదాక అట్లనే నిలబడ్డ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్లాబు మొత్తం ఒరిగి నా భుజం మీద కూసున్నది. మోసిన. ఆఖరికి చెయ్యి గుంజుకున్న గానీ, దాని పట్టు లోపల్నే ఉండిపోయింది. ఇప్పటికీ పిల్లరుకు చెవి ఆనిస్తే ఊపిరి ఇనబడ్తది. గాలి లేస్తే నా పేరు వెట్టి పిలుస్తది."

టవర్‌లోంచి టంగుమని చప్పుడొచ్చింది. కాసేపాగి మళ్లీ టంగుమంది. రాకేశ్ నవ్వు ఆగిపోయింది. పట్టపగలే అతనికి భయమేసింది.

"ఇన్నవా? నన్నే పిలుస్తున్నది! భూకంపమొచ్చినా సరే, నన్ను అడిగినంకనే దాని జోలికి పోవాలె!"

బుచ్చమ్మ స్టవ్వు ఆపేసింది. "గది మా ఆయన సుత్తె, అన్నా."

"నర్సయ్యనా? ఆడేం చేస్తున్నడు?"

"అయిదో అంతస్తు స్లాబు కింద ఆనిచ్చిన జాకీలు తీస్తున్నడు. పిల్లరు కాడ పగులు కనబడ్డదని జంకిండు. రింగులన్నీ నేనే కట్టిన, ఏం ఫికర్ లేదని పొద్దుగాల నువ్వే అంటివి. గా మాట మీదనే పోయిండు. ఒక్కడే ఉన్నడు. నాకు పానం కొట్టుకుంటున్నదన్నా, జర పోయి ఆయన పక్కన నిలబడు."

ఎల్లేశం లేవలేదు. పైన మళ్లీ టంగుమంది.

"ఫోన్ చెయ్యి చెల్లే," అన్నాడు. "జల్ది దిగి రమ్మను. నేను ఆ బిల్డింగు మెట్లు గూడ ఎక్కలే."