బ్రాన్ పిట్ట

న్యూజిలాండ్‌లో సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్టోబరు నెల, శనివారం ఉదయం. టామా నడిపే పాత కెమెరాల కొట్టులో డెస్, నోలీన్ అనే ముసలి దంపతులు లెన్సు చూస్తున్నారు.

"కెమెరా ఇంట్లో వదిలేసి లెన్సు కొనడానికొచ్చిన మనిషిని నేనెక్కడా చూళ్ళేదమ్మా!"

"మర్చిపోయానన్నాను కదా నోలీన్. వంటింటి బల్ల మీద ఉండిపోయింది. ఎన్నిసార్లంటావు?"

"ఇంటికెళ్ళేదాకా అంటాను. టామా, నువ్వు చెప్పు నాయనా, చెప్పులు కొనుక్కోడానికి ఎవరైనా కాళ్ళు ఇంట్లో పెట్టి వస్తారా?"

"పోనీలెండి ఆంటీ. కొట్లో కెమెరా ఉంది, దానికి తగిలించి చూపిస్తాను. అంకుల్, మీ పాత లెన్సుకి ఏమైంది?"

"బూజు పట్టింది టామా. లోపలి గాజుకి. చలికాలమంతా వానలేగా, అలమార్లో పెట్టి వదిలేశాను. ఇప్పుడు దాంట్లోంచి చూస్తే ఏ పిట్టయినా పొగమంచులో నిలబడ్డట్టే ఉంటుంది."

"లోపల పడితే ఇక అంతేనంకుల్. బాగుచేయించే ఖర్చుతో ఇంకోటి వస్తుంది. పిట్టల్నే తీస్తారా మీరు?"

"ఇంకేం తీస్తాను? అలాస్కా నుంచి కువాకా పిట్టలు దిగాయి కదా. తిండీ నిద్రా లేకుండా అంత సముద్రం దాటి, బక్కచిక్కి దిగుతాయి పాపం. దగ్గరికెళ్ళి బెదరగొట్టకూడదు. దూరం నుంచే చూడాలి."

"గుర్తు కోసం వాటి కాళ్ళకి చిన్న జెండాలు కడతారు, అవీ చదువుతారా?"

"వాటి కోసమే వెళ్ళేది! తెల్ల జెండా, మూడక్షరాలు. గోరంత ప్లాస్టిక్ ముక్క. నాకు అన్నీ అక్కర్లేదు టామా. ఒక్క పిట్ట చాలు."

"డెస్, ఆ అబ్బాయికి పనుంటుంది."

"ఉండవే, అడిగాడు కదా. మా అమ్మాయి కట్టింది టామా ఆ జెండా. బ్రాన్. కాలేజీ సెలవుల్లో, పిట్టల్ని వల వేసి పట్టే జట్టుతో వెళ్ళింది. తన చేత్తోనే కట్టి, తన చేత్తోనే వదిలింది. ఆ మరుసటి చలికాలం... రోడ్డు మీద..."

"కారు బోల్తా పడింది. చెప్పేదేదో పూర్తిగా చెప్పు. మధ్యలో వదిలేస్తే ఆ అబ్బాయి ఏమనుకోవాలి?"

"నువ్వు చెప్పావుగా."

"అయ్యో ఆంటీ... నాకు తెలీదు. నేనీ కొట్టుకొచ్చి ఏడాదే. అంతకుముందు దీన్ని నడిపిన మా బాబాయి కూడా ఎప్పుడూ చెప్పలేదు."

"మీ బాబాయి మంచివాడు. చెప్పడు. అయిందిలే నాయనా."

"కాదు, మిగతాది విను టామా. తను పోయాక సెప్టెంబర్లో ఆ పిట్ట తిరిగొచ్చింది! అదే కాలు, అదే జెండా. అప్పటిదాకా మీ ఆంటీకి నాతో మాటే లేదు. అన్నం పెట్టేది, పడుకునేది. ఆ వేళ ఒడ్డున నా పక్కన నిలబడి, 'వచ్చిందా?' అంది. అంతే. అప్పట్నుంచీ ఏటా వస్తోంది. ఆ మూడక్షరాలూ చదివితేనే మాకు ఏడాది మొదలవుతుంది."

"మరి ఈ ఏడు వచ్చిందా అంకుల్?"

"వచ్చే ఉంటుంది! గుంపు ఎప్పుడో దిగింది. ఈ బూజు గాజుతో నాకే కనబడి చావట్లేదు."

"అందుకే కదా ఇక్కడికొచ్చాం. టామా, ఆ మూడు వందలది తియ్యి. ఆ పొట్టిది."

"తీస్తాను. డెబ్భై నుంచి మూడు వందల మిల్లీమీటర్ల దాకా వెళ్ళే జూమ్. చవక, తేలిక. కానీ ఆంటీ, ఉన్నమాట చెప్తాను, జెండా చదవడానికి ఇది చాలదు. పిట్ట కనబడుతుంది, కాలికి తెల్ల ముక్క ఉందని తెలుస్తుంది. అక్షరం మాత్రం రాదు."

"తెల్ల ముక్క తెలుస్తుందా? ఖాయంగా?"

"అది తెలుస్తుంది."

"అయితే చాలు. కట్టేసెయ్."

"చాలా? నోలీన్, ఆ గుంపులో తెల్ల ముక్కలున్నవి బోలెడు! అందులో బ్రాన్ పిట్ట ఏదని చెప్పేది?"

"నడక చూసి పోలుస్తానని నువ్వే అంటావుగా."

"గొప్పకి అంటానే! టామా, దీంతో తీసి, ఇంటికెళ్ళి కంప్యూటర్లో పెద్దది చేస్తే?"

"చుక్కలు చుక్కలుగా విడిపోతుందంకుల్. రాదు."

"పెద్దది చేసినా రాదా? అసలు రాదా? అయితే మంచిది... అహ, మంచిదంటే, ముందే చెప్పావు, మంచి పని చేశావని."

"ఆగండాగండి, మీ అదృష్టం బాగుంది. ఈ మూలనున్నది చూడండి. నూట యాభై నుంచి ఆరు వందలు! ఒకాయన ఊరు మారుతూ ఇచ్చిపోయాడు. పైన గీతలున్నాయని ఎవరూ ముట్టుకోవట్లేదు. లోపల గాజు కడిగిన ముత్యం. వెలుతురుకి పెట్టి చూసుకోండి. ఆ చిన్నదాని ధరకే ఇచ్చేస్తాను."

"అబ్బ! నోలీన్, చూశావా దీని దర్జా?"

"చూశాను. ఫిరంగిలా ఉంది. బరువెంత?"

"రెండు కిలోల దాకా ఉంటుందాంటీ."

"ఇంకేం! ఈయన భుజానికి డాక్టరు పాలడబ్బా కూడా ఎత్తొద్దన్నాడు."

"ఒంటికాలి స్టాండు ఊరికే ఇస్తాను. బరువంతా దాని మీదే."

"ఆ బురదలో దిగబడిపోతుంది."

"మనం నిలబడేది గవ్వల దిబ్బ మీద కదా నోలీన్. బురద ఎక్కడుంది?"

"నువ్వూరుకో. చేతులు వణుకుతాయి నీకు. టీ కప్పే తిన్నగా పట్టుకోలేవు."

"వణుకు ఆపే ఏర్పాటు లెన్సులోనే ఉందాంటీ."

"నీ దగ్గర అన్నిటికీ ఏర్పాటుందే! మాకు చిన్నదే నయం నాయనా. తోటలో పూలు తీసుకోవచ్చు, మనవల్ని తీసుకోవచ్చు..."

"ఎవరి మనవల్ని, నోలీన్?"

"పక్కింటివాళ్ళ మనవల్ని."

"సరే సరే. అంకుల్, రెండూ చూసి తేల్చుకోండి. గుమ్మంలో నిలబడితే రేవులో పడవలు కనబడతాయి. ముందు చిన్నదాంతో వాటి పేర్లు చదవండి."

"ఇటివ్వు. నీలం పడవ. ఏదో రాసుంది. ఏం రాసుందో దేవుడికెరుక. ఇప్పుడా పెద్దది తగిలించు... బాబోయ్! పేరే కాదు టామా, పేరు మీద వాలిన పిట్ట కంటిరెప్ప కూడా కనబడుతోంది! నోలీన్, ఇలా రా, నువ్వూ చూడు!"

"నాకొద్దు. చలిగాలి."

"అయితే నేనే రోడ్డు దాటి ఆ గట్టు మీంచి చూసొస్తాను. పారిపోనులే టామా, మా ఆవిడ నీ దగ్గర తాకట్టు."

"వెళ్ళి రండంకుల్."

"వెళ్ళాడా? తలుపు వెయ్యి."

"ఎందుకాంటీ?"

"వెయ్యమన్నానా! నా మాట విను టామా. ఆయన రాగానే, ఆ పెద్దది మీ కెమెరాకి పట్టదని చెప్పు."

"పడుతుందాంటీ. మీరు రాగానే ఆయన కెమెరా ఏ రకమో అడిగాను కదా, సరిగ్గా దానికే."

"పట్టదని చెప్పు."

"డబ్బు ఇబ్బందైతే చెప్పండి, ఇంకా తగ్గిస్తాను."

"డబ్బు కాదు. బరువూ కాదు, బురదా కాదు. ఆ అక్షరాలు ఆయనకి కనబడకూడదు. అంతే."

"ఆయనొచ్చిందే దాని కోసం కదా."

"ఆ పిట్ట రాదు టామా."

"ఇంకా రోజులున్నాయాంటీ. వెనకబడ్డవి వస్తూనే..."

"రాదంటున్నానా! చచ్చిపోయింది. ఏప్రిల్లో ఇక్కణ్ణుంచి తిరిగి అలాస్కా వెళ్తూ దారిలో, కొరియా ఒడ్డున. అక్కడి పంతులమ్మ ఒకావిడకి దొరికిందట. కాలి జెండా తీసి పంపింది, మహాతల్లి. మన పక్షుల కేంద్రం వాళ్ళు జులైలో నన్ను పక్కకి పిలిచి చేతిలో పెట్టారు. డెస్‌కి మీరే నెమ్మదిగా చెప్పండి అన్నారు. నెమ్మదిగా! ఎంత నెమ్మదిగా చెప్తే సరిపోతుంది నాయనా?"

"అయ్యో ఆంటీ."

"పోలీసులు మా గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆయన వెనకాల షెడ్డులో ఏదో చిత్రిక పడుతున్నాడు. ఈల వేసుకుంటూ. నేనే వెళ్ళి చెప్పాను, బ్రాన్ పోయిందని. ఆ మొహం నేనొక్కదాన్నే చూశాను. మళ్ళీ నావల్ల కాదు. నా నోటితో నా కూతురు పోయిందని రెండోసారి చెప్పమంటే నావల్ల కాదు!"

"ఏడవకండాంటీ. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చోండి."

"కూర్చుంటే కనిపెట్టేస్తాడు. నిలబడనీ."

"మరి ఒడ్డున పిట్టల్ని చూసే మిగతావాళ్ళ దగ్గర పెద్ద లెన్సులుంటాయి కదా? వాళ్ళెవరైనా చెప్పేస్తే?"

"ఒక్కొక్కరి చేతా ఒట్టు వేయించుకున్నాను. ఈయన అడిగితే, గుంపు దూరంగా ఉంది, సరిగా కనబడలేదంటారు. జెండా దాచేశాను. ఆ చిన్న లెన్సయితే తెల్ల ముక్క కనబడుతుందన్నావు. ఏదో ఒకదాన్ని చూసి అదేనంటాడు. ఒక ఏడాది గడుస్తుంది. తర్వాత ఇంకో ఏడాది. ఎన్నాళ్ళుంటాం, మేం మాత్రం?"

"అది అబద్ధం కదాంటీ."

"అబద్ధమే. నువ్వొక్కటి ఆడు. మిగతావన్నీ నేను ఆడుకుంటాను."

"వస్తున్నారు."

"మొహం తుడుచుకోవాలి. ఏదైనా మాట్లాడు. ఊఁ, మాట్లాడు!"

"ఆఁ, అదే ఆంటీ, వానలో లెన్సు తడిస్తే మెత్తటి బట్టతో..."

"అదిరింది టామా! గట్టు మీంచి అవతలి కొండ మీద గొర్రెల చెవులు కనబడుతున్నాయి! ఇంకేం ఆలోచించక్కర్లేదు, కట్టెయ్. ఏమిటే నోలీన్, కళ్ళు ఎర్రబడ్డాయి?"

"దుమ్ము. ఈ కొట్టు ఊడ్చి ఎన్నాళ్ళయిందో."

"అంకుల్... చిన్న ఇబ్బంది వచ్చింది. ఇప్పుడే చూసుకున్నాను. ఇది మీ కెమెరాకి పట్టదు."

"పట్టదా?"

"బిగింపు వేరంకుల్. ఇది కొత్త రకం. మీదేమో పాత రకం."

"ఇది కొత్త రకమా?"

"అవునంకుల్."

"ఓహో."

"చూశావా డెస్? కెమెరా తెచ్చుకునుంటే ముందే తెలిసేది."

"నిజమే. నాదే బుద్ధి తక్కువ. పట్టనిదాన్ని పట్టుకు వేలాడి ఏం లాభం? చిన్నదే ఇవ్వు టామా."

"అలిగావా?"

"అలకేముందే. తేలిగ్గా ఉంది, మెళ్ళో వేసుకు తిరగొచ్చు. నడక చూసే పోలుస్తాను పో. పోటు ఎక్కే వేళయింది, పిట్టలు దిబ్బ మీదికి చేరుతుంటాయి. నువ్వెళ్ళి కారు గుమ్మం ముందుకి తే. నాకు మోకాలు పట్టేసింది."

"గట్టు దాకా పరిగెత్తినప్పుడు లేదేం ఆ మోకాలు? సరే, తెస్తాను. టామా, కారులో చీజ్ స్కోన్ రొట్టెలున్నాయి, నీకూ రెండు ఇచ్చి పోతాను. మంచివాడివి నాయనా. చాలా మంచివాడివి."

"మీ ఆంటీ వెళ్ళింది కదా, ఆ తలుపు దగ్గరికి వెయ్యి టామా. గాలి."

"అంకుల్, నేను మీకొకటి చెప్పాలి. ఆ పెద్దది..."

"నా కెమెరాకి పడుతుంది. చూడగానే తెలుసు నాకు. బుద్ధెరిగినప్పట్నుంచీ వాడుతున్న రకమే."

"మరి ఎందుకూరుకున్నారు?"

"మీ ఆంటీ అంత అవస్థ పడి నీకు నేర్పింది కదా. నేను కాదని బిగిస్తే ఏమైపోతుంది? పెద్దది కావాలని గోల చెయ్యకపోయినా అనుమానమే ఆవిడకి. చేశాను. ఇప్పుడు నిశ్చింతగా ఉంటుంది. ఈ వేళే ఏదో ఒక తెల్ల జెండాని చూసి, 'వచ్చిందే నోలీన్' అనేస్తాను. ఇవాళైనా కాస్త తింటుంది."

"అంకుల్... మీకు తెలుసా?"

"హారన్ కొడుతోంది. ఆ సంచీ ఇటివ్వు."

"ఒట్టు వేశారట కదా అందరూ! మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బ్రాన్ వానకోటు ఇంకా మా తలుపు వెనకాలే వేలాడుతుంటుంది. దాన్ని నేను ముట్టుకోననుకుని, మీ ఆంటీ ఆ జెండా తెచ్చి ఆ జేబులో దాచింది. తను ఇంట్లో లేనప్పుడల్లా నేను ఆ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడతానని ఆ పిచ్చిదానికి తెలీదు టామా."