రాతిపెచ్చు మీద గాడిద

రాజుల సమాధులకు బొమ్మలు వేసే పనివాళ్ల ఊరు. ఊళ్లో బావి లేదు; నైలు నీళ్లు గాడిదల మీద రావాలి. చిత్రకారుడు నఖీ ఇంటి గుమ్మంలో నీళ్లు మోసే ఖారు కూర్చుని, నఖీ రాతిపెచ్చు మీద గీసిచ్చిన బొమ్మ చూస్తున్నాడు.

“ఇదేంటయ్యా? కుండలు నా నెత్తిన పెట్టారేంటి?”

“నవ్వవేం ఖారూ? గాడిద కుర్చీలో, నువ్వు దాని ముందు నీళ్ల కుండలతో. నీ గాడిదకి దొరసాని అని పేరు పెట్టుకున్నావుగా, అలాగే కూర్చోబెట్టాను.”

“వెటకారం బొమ్మ కాదయ్యా నేనడిగింది.”

“ఈ రాతిపెచ్చుల మీద నేను గీసేవన్నీ ఇవే. ఎలకకి పిల్లి విసనకర్రతో విసరడం, మేకల్ని నక్క కాయడం. పొద్దంతా సమాధిలో దేవుళ్లని గీసి గీసి, ఇంటికొచ్చాక నవ్వుకోడానికి.”

“ఎవరితో నవ్వుతారు?”

“నీళ్లు సగం కుండే పోశావా?”

“ఒక్కడికి సగం చాలని మీరేగా అన్నారు. మాట మార్చకండి. ఇంకోటి గీయండి. మామూలు గాడిద.”

“పోయిందా ఏంటి దొరసాని?”

“అవేం మాటలయ్యా! అదుగో, బయట మీ గోడ నాకుతోంది. నేను చెప్పకుండానే మీ గుమ్మం ముందు ఆగుతుందది.”

“మరి బొమ్మెందుకు?”

“ఊరికే.”

“ఆ దగ్గేంటి? ఇంకా తగ్గలేదా?”

“తగ్గేది కాదులెండి. గీయండి. ఎడమ చెవి కొంచెం చిరిగి ఉంటుంది.”

“సరే... ఇదిగో. కుండల్లేకుండా గీశాను. మనం గీసినవి ఆ లోకంలో బతుకుతాయంటారు. అక్కడైనా హాయిగా తిరగనీ, పాపం.”

“వద్దు, వద్దు! కుండలు పెట్టండి. రెండువైపులా. నిండుగా.”

“జాలి లేదేంటి నీకు? చచ్చాక కూడా మోయించాలా?”

“అయ్యా... పోయినవాళ్లకి కొడుకులు నీళ్లు పోస్తారు. ఊరందరికీ నీళ్లు పోశాను నేను. నాకెవడున్నాడు పోయడానికి? నన్ను ఇసకలో పూడ్చేవాళ్లకి చెప్పిపెట్టాను, ఈ పెచ్చు పక్కన పెట్టమని. అక్కడ నాకు నీళ్లు తెచ్చిపెట్టేది ఇదొక్కటే.”

“రెండువైపులా అన్నావు కదూ?”

“అవునయ్యా. కుంచె ఆపేశారేం?”

“పెడుతున్నా. నిండుగానే పెడుతున్నా.”

“ఆఁ, అచ్చం అదే! బాగుందయ్యా. వస్తాను మరి.”

“ఖారూ, ఆగు. నా సమాధి నిండా బొమ్మలేసుకున్నాను. విందులు, ద్రాక్షలు, బాతులు...”

“మీకేమయ్యా!”

“అక్కడ కూడా దొరసానిని నా గుమ్మం ముందు ఆగనిస్తావా? సగం కుండ చాలు.”