బసన్న వేసుకోని బూట్లు

అధ్యక్షత వహించిన ప్రధానోపాధ్యాయురాలు అరుణ గారికి, దసరా సెలవులైనా ఈ రోజు రిటైరవుతున్న ఈ వ్యాయామ మాస్టరు కోసం బడికి వచ్చిన తోటి ఉపాధ్యాయులకు, మార్కెట్ యార్డు నుంచీ పత్తి జిన్నింగ్ మిల్లుల నుంచీ పని మానుకొని వచ్చిన నా పాత హాకీ ఆటగాళ్ళకు, మొదటి వరుసలో కూర్చుని 'తొందరగా ముగించు' అని కళ్ళతోనే చెబుతున్న నా భార్య ఇర్ఫానాకు నమస్కారాలు. (నవ్వులు)

శాలువా కప్పుతూ అరుణ గారు నా కాళ్ళు చూసి, "సాదిక్ గారూ, చెప్పులెవరైనా ఎత్తుకుపోయారా?" అని అడిగారు. లేదు మేడమ్, ఇంట్లోనే వదిలి వచ్చాను. ఎందుకో చెప్పి దిగిపోతాను.

తొమ్మిదేళ్ళ కిందట ఒక హాకీ లీగు వాళ్ళు, కొత్త జట్టును ఏ ఊళ్ళో పెడితే నడుస్తుందో చూడడానికి ఆదోనికి వచ్చారు. వాళ్ళ చేతిలో ఒక కాగితం. రైలు ఆగుతుందా, మంచి లాడ్జీలున్నాయా, టికెట్ కొని ఆట చూసే జనం ఉన్నారా? రైలుంది. లాడ్జీల సంగతి అడక్కండి. (నవ్వులు) జనాన్ని నేను చూపిస్తానన్నాను. దసరా దాటితే పత్తి పనుల్లో పడి ఎవరూ రారని, వాళ్ళు చూసే పోటీని పండుగకు వారం ముందే పెట్టించాను. మైదానం నిండిపోయింది. జనం గురించి అంత ఆలోచించినవాణ్ణి, ఆడేవాళ్ళను మరిచిపోయాను.

నా దగ్గరే ఆట నేర్చుకొని, మన జట్టుకు గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ బసన్నది దేవరగట్టు దగ్గరి పల్లె. దసరా ముందు రోజుల్లో వాళ్ళింట్లో మొక్కు, పండుగ దాటేదాకా కాళ్ళకు ఏమీ వేసుకోరు. బూట్లు లేకుండా ఆడడానికి వీల్లేదని లీగు వాళ్ళన్నారు. నేను నా బూట్లు విప్పి అతని ముందు పెట్టాను.

"ఈ ఒక్క పూట ఏసుకో బసన్నా. మన ఊరికి జట్టొస్తాది."

"ఎంతసేపైనా ఆడతా సార్. బూట్లు మాత్రం వద్దు. మాయమ్మకు మాటిచ్చినా."

అంతమందిలో నేనన్నాను, "అయితే ఇంకెప్పుడూ స్టిక్ ముట్టుకోవద్దు, పో!"



బసన్న గీత బయట కూర్చున్నాడు. సగం ఆటకే జనం లేచిపోయారు. "వీళ్ళు ఆట కోసం రాలేదు మాస్టారూ, ఆ ఒక్కడి కోసం వచ్చారు. ఇక్కడ జట్టు నడవదు" అని వాళ్ళు కారెక్కారు. ఫలానా తల్లి కొడుకని ఆటగాణ్ణి ఎరిగి, అతను లేని ఆట చూడలేక లేచిపోయే జనం ఉన్న ఊరికంటే జట్టుకు మంచి ఊరేముంటుంది? ఆ మాట వాళ్ళకు చెప్పలేకపోయాను. నేనూ ఆ రోజు వాళ్ళ కాగితమే పట్టుకున్నాను.

రంజాన్ నెలలో పట్టపగలు "ఈ ఒక్క పూట తాగు సార్" అని ఎవరైనా మజ్జిగ అందిస్తే నేను తాగుతానా? ఆ పాటి ఆలోచన లేకపోయింది నాకు. బసన్న మాత్రం అమ్మకిచ్చిన మాటా, నేనన్న మాటా రెండూ నిలబెట్టాడు. తొమ్మిదేళ్ళుగా యార్డులో పత్తి బస్తాలు మోస్తున్నాడు గానీ స్టిక్ ముట్టలేదు. నేను కనిపిస్తే ఇప్పటికీ బస్తా దించి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నేను భరించలేను.

ఆఖరి వరుస వెనక నిలబడ్డావు, చూస్తున్నాను బసన్నా. నాది మొక్కు కాదప్పా, నీ ముందు బూట్లేసుకొని నిలబడే ముఖం లేదు. ఇదిగో నీ స్టిక్, ఇన్నేళ్ళూ దాచిపెట్టాను. సాయంత్రం దాటితే నేను నీకు మాస్టర్ని కూడా కాను, అందుకే ఇప్పుడే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చి తీసుకో.

(వెనక నుంచి బసన్న: "బస్తాలు మోసి మోసి ఇప్పుడు భుజం లేయదు సార్.")



లేవకపోయినా రా అప్పా. ఊరికే పట్టుకొని నిలబడు. నీ చేతిలో దాన్ని చూసి నేను ఇంటికి పోతాను. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.