మా సముద్రం మీద ఎర్ర చుక్క

అధ్యక్షత వహించిన పద్మిని మేడమ్‌ గారికి, ఈరోజు రిటైరవుతున్న మా హిస్టరీ మాస్టారు గురునాథం గారికి, హోప్ టౌన్ నుంచీ బాంబూఫ్లాట్ నుంచీ వచ్చిన పెద్దలకి, నా ఫ్రెండ్స్‌కి నమస్కారం. నేను లహరి, ప్లస్ టూ. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మన్నారు. అవి ముందే చెప్పేస్తాను.

మ్యాప్ అంటే గోడకి వేలాడేది కాదని సర్ మాకు నేర్పారు. మన ముత్తాతలు ఆంధ్రా నుంచి ఓడెక్కి ఈ దీవులకొచ్చి ఇక్కడి రాళ్ళకీ మలుపులకీ ఏ పేర్లు పెట్టుకున్నారో అవన్నీ అడిగి తెచ్చి కంప్యూటర్ మ్యాపులో పెట్టమన్నారు. "పుస్తకాల్లో మీ తాతలు లేరు బేటా, మనమే పెడదాం" అన్నారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది సర్, నిజంగా.

(చప్పట్లు)

వద్దు, ఆగండి. ప్లీజ్.

అదిగో, రెండో వరసలో మా తాత అప్పయ్య. నీళ్ళ కింద చేపలుండే ఒక బండ ఆయనకి తెలుసు. ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవ పోనిస్తే అక్కడికి చేరతాం. ఆ గుర్తులు ఒడ్డు మీద చెప్పరు. పడవలోనే, సొంత పిల్లలకే చెబుతారు. నేనడిగితే "ఆడగుంటవి, నీకెందుకే ఇయన్నీ?" అని నవ్వి, అయినా తీసుకెళ్ళాడు. "ఇదేనే గవరమ్మ బండ. మా అమ్మ పేరు" అన్నాడు. నా జేబులో ఫోన్ ఆన్‌లో ఉంది. లొకేషన్ సేవ్ చేసేశాను. తాతకి చెప్పలేదు.

సర్, "పేరొక్కటే తెస్తే కథ, చుక్కతో తెస్తే రీసెర్చ్" అన్నది మీరే. బయటవాళ్ళకి కనబడదు కదా అని రెండుసార్లు అడిగాను. "మన క్లాసుకే" అన్నారు. అప్పుడే మ్యాపులో ఆ బండ మీద ఎర్ర చుక్క పెట్టాను. తర్వాత సెమినార్‌కి వెళ్ళి ఆ మ్యాప్ అందరికీ తెరిచేశారు. నెల తిరక్కుండా టూరిస్టుల బోట్లు గాలాలేసుకుని సీదా అక్కడికే వచ్చాయి. నేను మెసేజ్ పెడితే "డేటా అందరిదీ బేటా" అని, పక్కన ఒక నవ్వు బొమ్మ. అందరిదీ ఎలా అవుతుంది సర్? మీరు ఒక్కసారైనా వచ్చి తాతని అడిగారా?

ఊళ్ళో అందరూ తాత గుర్తులు తెలిసిన మా కన్నబాబు మామయ్యే టూరిస్టులకి చెప్పేశాడనుకున్నారు. నవ్వకండి నాగబాబు భయ్యా, "గైడు గారొచ్చార్రోయ్" అని జెట్టీ మీద అరిచింది మీరే. మామయ్యని ఎవరూ పడవెక్కించుకోవట్లేదు. కన్నతండ్రే, మా తాతే, మాట మానేశాడు. ఇప్పుడు మిడిల్ పాయింట్‌లో దుకాణాల బస్తాలు మోస్తున్నాడు. చూడండి, లోపలికి రాలేక తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఐదు నెలలు అదే ఇంట్లో, ఆయన పక్కనే అన్నం తింటూ నోరు మూసుకున్నాను. భయమేసింది.

చెప్పింది నేను. మామయ్య కాదు.

(పద్మిని మేడమ్ మైక్ కోసం లేచారు)

మేడమ్, మైక్ తీసుకోకండి, ఒక్క నిమిషం. సర్, శాలువా తర్వాత. ఆ స్క్రీన్ మీదున్నది మీ మ్యాపే, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది. పేరు ఉంచండి, అది చరిత్రే. చుక్క తీసేయండి. ఇక్కడే, మా ముందే. బోట్లవాళ్ళు దారి మర్చిపోరని నాకూ తెలుసు. అయినా తీయండి.

(మాస్టారు లేచి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళారు. స్క్రీన్ మీద ఎర్ర చుక్క పోయింది)

థాంక్స్ సర్. మీ మీద కోపం పోలేదు, మీరు నేర్పిన పాఠం కూడా పోదు. ఓపిగ్గా విన్న అందరికీ థాంక్స్.

తాతా, నన్ను ఇంటికెళ్ళాక తిట్టు. మామయ్యతో మాత్రం ఇక్కడే మాట్లాడు, ఇంతమంది ముందే. సెలవు.