బాతుల్ని పిలిచే గొంతు

నాంచారి ఉందే, కొల్లేట్లో లంక పిల్ల, భీమారం అవతల ఇంజినీరింగ్ కాలేజీలో చదివేదనుకో. ఆ పిల్లకి ఆళ్ళ మామ్మంటే ప్రాణం. మామ్మ పేరు పెద్దింట్లమ్మ. కొల్లేటి అమ్మోరి పేరే పెట్టారు. ఆవిడ బాతులు మేపేది. మేపేదంటే ఏముందీ, పొద్దున్నే దొడ్డి తలుపు తీసేస్తే అయ్యే నీళ్ళల్లోకి జారిపోయ్యేవంట. ఇంక కొల్లేరంతా అయ్యే. కిక్కిస గడ్డిలో కొన్ని, తామరాకుల మజ్జన కొన్ని, కంటికి ఆననంత దూరంలో కొన్ని. పొద్దు వాలేటప్పటికి మామ్మ గట్టు మీదకొచ్చి, కుచ్చిళ్ళు ఎగ్గట్టి, 'ద్దో... ద్దోద్దో... రండే నా తల్లుల్లారా... ద్దో...' అని పిలిచేదంట. ఆ పిలుపు ఎట్టా ఉండేదని చెప్పనూ? నీళ్ళ మీద మంచు పాకినట్టు పాకేదంట. నీళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయా, ఆ ఎర్రటి నీళ్ళల్లో నల్లటి గీతలు గీతలుగా బాతులు బయల్దేరి, ఒక్కటి తగ్గకుండా గట్టెక్కేవంట. నాంచారి చిన్నప్పుడు ఏమనుకునేదంటే, మామ్మ నోట్లో దారం ఉందీ, దాని కొసలు బాతులు పట్టుకునున్నాయీ, మామ్మ దాన్ని మెల్లిగా లాక్కుంటుందీ అనుకునేదంట. నవ్వకండే, చిన్నపిల్ల కదా.

ఇట్టా ఉండగా ఏమైందంటే, మామ్మ గొంతులో కంతి లేచింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషన్ చేసి తీసేశారు, ప్రాణానికి గండం గడిచింది. గొంతు మాత్రం పోయింది. ఇంక రాదని డాక్టర్లు ముందే చెప్పారంట. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. మనుషులతో అయితే చేతులు తిప్పి చెప్పుకోవచ్చు, బాతులకేం చెప్పుద్ది? నాంచారి నాన్న ఏడుకొండలు పళ్ళెం కొట్టి పిలిచాడు, దోనె పడవేసుకుని నీళ్ళల్లో తిరిగాడు. కొన్ని వచ్చేవి, కొన్ని కిక్కిసలోనే ఉండిపోయ్యేవి. ఉండిపోయినవాటిని నీటిపిల్లులు ఎత్తుకుపోయ్యేవి. అట్టా రోజుకి కాసిని, రోజుకి కాసిని తరిగిపోతన్నాయనుకో. ఇంక అమ్మేద్దామన్నాడు ఏడుకొండలు. 'నా మాటినవే అమ్మా, ఉన్నయ్యన్నా ఎవరి దగ్గరో బతుకుతాయి' అన్నాడంట. మామ్మ ఊ అన్లేదు, ఊహూ అన్లేదు, అనడానికి గొంతేదీ? ఆ సాయంత్రం గట్టు మీదకెళ్ళి నిలబడి పిలిచిందంట. పెదాలు కదుల్తున్నాయి. శబ్దం లేదు. పిలిచి, నీళ్ళకేసి చూసి, మళ్ళీ పిలిచింది. అది చూశాక నాంచారికి కాలేజీలో ఏ పాఠం ఇన్నా ఆ పెదాలే కనపడేవంట.

కాలేజీలో ఆ వారం హ్యాకథానంట. నోరు తిరగట్లేదా? నాకూ మొదట్లో తిరగలేదులే. ఏమీ లేదు, పిల్లలు జట్లు జట్లుగా కూచుని, ఎవరిదో ఒక కష్టం తీసుకుని, దానికో ఉపాయం రెండ్రోజుల్లో తయారుచేసి చూపించాలి. బాగున్నదానికి బహుమతి. ఒక జట్టు చూపులేనోళ్ళకి దారి చెప్పే కర్ర చేస్తందంట. ఇంకో జట్టు రొయ్యల చెరువులో గాలి తగ్గితే రైతుకి ఫోన్ చేసే పెట్టె చేస్తందంట. నాంచారికి సలోమి అని స్నేహితురాలుంది, ఏలూరు పిల్ల, కంప్యూటర్ ముందు కూచుంటే అన్నం కూడా గుర్తుండదు. 'నీ కష్టం ఏంటో చెప్పవే, అదే చేద్దాం' అందంట. మా మామ్మ గొంతు పోయిందే అంది నాంచారి. 'అయితే గొంతే తెద్దాం పద' అంది సలోమి, కొట్టుకెళ్ళి ఉప్పు తెద్దాం అన్నట్టు. ఎక్కణ్ణించి తెస్తావే అంది నాంచారి. ఆ పిలుపు ఎవరూ రికార్డు చెయ్యలేదు కదా, రోజూ ఇనేదాన్ని ఎవరు దాచుకుంటారు? అయితే ఏమైందంటే, ఎతగ్గా ఎతగ్గా, లంకలో ఈళ్ళింటి దగ్గరే చేసిన మేనత్త కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో దొరికింది. పిల్ల కుర్చీలో కూచునుంది, బ్యాండు మేళం వాయించేస్తన్నారు, జనం అక్షింతలేస్తన్నారు, ఆ గోలంతటి ఎనకాల, ఎక్కడో గట్టు మీద, 'ద్దో... ద్దోద్దో... రండే నా తల్లుల్లారా...' అని సన్నగా. ఫంక్షనని బాతులు ఆగవు కదా మరి! నాంచారి ఫోన్ చెవికి ఆనించుకుని అట్టాగే కూచుండిపోయిందంట.

ఇంక ఆ పూటంతా బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరారు. డోలు తీశారు, బూరా తీశారు, జనం మాటలు తీశారు. మిగిలింది మామ్మ గొంతు. దాన్ని శుభ్రంగా కడిగి, ముందొకటి ఎనకొకటి అతికించి, ఓ పెట్టెలో పెట్టి, పెట్టెకో స్పీకర్ బిగించారు. నాంచారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, పడవెక్కి, పొద్దుండగానే లంకకొచ్చింది. గట్టు మీద పెట్టి మీట నొక్కింది. మామ్మ దొడ్డి దగ్గరుందా, తన గొంతు తనే ఇని, పిలిచిందెవరా అని ఎనక్కి తిరిగి చూసిందంట. చూసి, చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. ఆ పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు. బాతులో? తలలెత్తినయ్యి. ఇటు చూసినయ్యి. ఉన్నచోటే గుండ్రంగా తిరిగినయ్యి. ఒక్కటీ రాలేదనుకో. పెట్టె పిలుస్తానే ఉంది, అయ్యి తిరుగుతానే ఉన్నయ్యి.

నాంచారికి ఏడుపొచ్చింది. పెట్టె ఆపేసి, గట్టు మీదే మామ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. బడలికేమో, కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. చిన్నప్పుడు ఇట్టాగే పడుకునేది. ఆ మగతలో మామ్మ పిలుస్తన్నట్టే ఉందంట, నీళ్ళు ఊగుతున్నట్టే ఉందంట, తనే ఓ బాతైపోయి కిక్కిసలో ఉన్నట్టుందంట. పిలుపు వచ్చింది. వచ్చి ఆగింది. మామ్మ డొక్క కదలడం ఆగింది, ఊపిరి బిగబట్టింది. దేనికీ? ఇనడానికి! దూరంగా ఒక బాతు 'క్వాక్' అంది. అప్పుడు మామ్మ మళ్ళీ పిలిచింది, ఆ బాతుకేసి తిరిగి. నాంచారి గబుక్కున లేచి కూచుంది. 'మామ్మా, నువ్వు మజ్జలో ఆగేదానివి కదే!' అంది. మామ్మ తల ఊపింది, అదీ ఒక ఇడ్డూరమా అన్నట్టు.

తెల్లారి కాలేజీకెళ్ళి సలోమితో, 'మనం ఆగకుండా పిలిపించామే, అయ్యి ఎప్పుడు పలుకుతాయి?' అంది. ఇద్దరూ కూచుని పెట్టెకి చెవి పెట్టారు. చెవంటే మైకు. ఇప్పుడు పెట్టె పిలుస్తుంది, ఆగుతుంది, ఇంటుంది. పలికితే మళ్ళీ పిలుస్తుంది. పలక్కపోతే కాసేపు చూసి, అప్పుడు పిలుస్తుంది. నాంచారి ఫోన్ చేస్తే ఏడుకొండలు గంపెడు బాతుల్ని ఆటోలో తీసుకొచ్చి కాలేజీ పచ్చిక మీద ఒదిలాడు. పిల్లలంతా ఒకటే నవ్వు. పరీక్ష చేసే మేడం, 'రికార్డు వినిపించడమేగా, ఇందులో కొత్తేముందమ్మా?' అందంట. 'పిలవడం కొత్త కాదండి మేడం, ఇనడం కొత్తండి. మా మామ్మ పిలిచేదానికన్నా ఇనేదే ఎక్కువండి' అంది నాంచారి. మీట నొక్కింది. ద్దో... ద్దోద్దో... ఆగింది. నవ్వే పిల్లలు మెడలు చాపి చూస్తన్నారు. ఒక బాతు పలికింది. పెట్టె పిలిచింది. ఇంకోటి పలికింది. ఇంక చూస్కో, పూలమొక్కలు తొక్కుకుంటా, మేడం చీర పక్కనించి, ఒకదానెనక ఒకటి నడుచుకుంటా పెట్టె చుట్టూ చేరినయ్యి. బహుమతి ఈళ్ళకే. సలోమి ఎగిరి గంతేసింది. నాంచారి మాత్రం, పొద్దు వాలకముందే లంకకెళ్ళాలి నాన్నా, పద పద అందంట.

ఎళ్ళారు. గట్టు మీద పెట్టె పెట్టారు, పక్కన మామ్మని కూచోబెట్టారు. మంచు దిగుతుంది. గొంతు నీళ్ళ మీద పాకిపోయింది, ఆగింది. ఎక్కడో ఒక బాతు పలికింది. ఇటు ఒకటి, అటు ఒకటి. ఎర్రటి నీళ్ళల్లో గీతలు కదిలినయ్యి. అంతలో ఎదర లంక మీద ఉన్న ముసలమ్మలు కూడా ఇన్నారంట. 'ఒసే పెద్దింట్లూ! గొంతొచ్చిందా ఏంటే!' అని అటుపక్కనించి ఒకటే కేక. పెట్టెకేం తెలుసు పాపం, అదీ బాతేననుకుని 'రండే నా తల్లుల్లారా' అని జవాబిచ్చింది. ఆళ్ళు మళ్ళీ కేకేశారు, ఇది మళ్ళీ పిలిచింది. ఏడుకొండలు గట్టు మీద కూలబడి నవ్వడం. మామ్మ కూడా నవ్వింది, గాలి తప్ప శబ్దం లేకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతా. ఆవిడ పాదాల చుట్టూ తడి రెక్కలు ఇదిలించుకుంటా బాతులు.

బాతులు అమ్మలేదు, అదీ కత. అయితే ఒక్క చిక్కొచ్చిందిలే. ఆ పెట్టె గొంతు మామ్మ గొంతుకన్నా దూరం పోతందా, చుట్టుపక్కల లంకల బాతులన్నీ ఈళ్ళ గట్టే ఎక్కుతున్నాయంట. రోజూ పొద్దుగూకేసరికి దోనెలేసుకుని జనం వచ్చేసి, ఇది నాదీ, అది నీదీ అని ఒకటే తగువు. మామ్మ మజ్జలో కూచుని వేలు చూపిస్తా తీర్పులు చెప్తందంట. మాట లేనోళ్ళు తీర్పు చెప్తే, ఎదురు మాట్టాడేదెవరు?